తిరుత్తణి బావినీరూ, గాజుతొట్టిలో చేపలూ

చెన్నపట్నానికి తిరుత్తణి సుమారు 85 కిలోమీటర్ల దూరం. సెంట్రలు స్టేషనును ఆనుకొని ఉన్న మూరుమార్కెటు స్టేషనులో ప్రొద్దుటి లోకలు బండి ఎక్కితే తిరువళ్ళూరు, అరక్కోణం మీదుగా వెళ్ళి కొండ ఎదురుగా దింపుతుంది. దర్శనం చేసుకొని సాయంకాలానికి ఇల్లు చేరుకోవచ్చు. సుబ్రహ్మణ్యస్వామి ఆరు పడైవీడులలో ఇది ఒకటి. సంవత్సరానికి ఎన్ని రోజులో కొండకు అన్ని మెట్లు, 365 అని లెక్క చెబుతారు. ముత్తుస్వామి దీక్షితులవారు తొలి కృతి పాడినది ఈ సన్నిధిలోనే అని సంగీతం తెలిసినవారి నమ్మకం. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో పుట్టినదీ ఈ ఊరిలోనే.

మన తెలుగువారికి ఈ ఊరితో మరొక ముడి కూడా ఉన్నది. 1960 ఏప్రిల్ 1వ తేదీ వరకు తిరుత్తణి ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు జిల్లాకు చెందినది. సరిహద్దుల మార్పు చట్టంతో ఆ రోజున మద్రాసు రాష్ట్రంలో చేరింది. 1997 నుంచి తిరువళ్ళూరు జిల్లాలో ఉన్నది. గీత మారింది గాని ఇండ్లు కదలలేదు. వీధిలో తమిళం, వంటింట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు నేటికీ అక్కడ చాలా ఉన్నవి. మా చిన్నాన్నగారి కుటుంబం వాటిలో ఒకటి. మొన్న ఆడికృత్తిక కావళ్ళ సందడి తగ్గిన తరువాత మేమిద్దరమూ అక్కడికి వెళ్ళి నాలుగు రోజులు ఉన్నాము.

వెళుతూ తిరువళ్ళూరులో దిగి వీరరాఘవస్వామిని సేవించుకున్నాము. అక్కడి కోనేటి పేరు హృత్తాపనాశిని. మనసులోని తాపాన్ని పోగొట్టేదని అర్థం. నీటిలో బెల్లం వేసి, అది కరిగినట్లే తమ రోగబాధ కరిగిపోవాలని భక్తులు మొక్కుకుంటారు. తిరుత్తణిలో కొండ కింద శరవణ పొయ్‌గై అనే కొలను ఉన్నది. కావడి మోసేవారు అందులో స్నానం చేసి కొండ ఎక్కుతారు. ఈ ప్రాంతంలో నీటికి ఎంత మర్యాద ఉన్నదో ఈ రెండు కొలనులూ చెబుతాయి. మర్యాద ఉండడానికి కారణం కూడా ఉన్నది. ఏడాది పొడుగునా పారే ఏరు ఇక్కడ లేదు. ఊరి పక్కన నందినది ఉన్నది గాని వానలప్పుడు తప్ప దానిలో నీటిజాడ అరుదు. ఈశాన్య ఋతుపవనం దయతలచి అక్టోబరు, నవంబరు మాసాలలో నాలుగు వానలు కురిపిస్తే ఆ నీరు రాతినేలలోకి దిగి బావులలో ఊరుతుంది. ఊరికి ప్రాణం ఆ ఊటే.

రాతిలో ఊరిన నీరు కాబట్టి అది ఉప్పనీరు కాకపోయినా మెత్తని నీరు కాదు. సబ్బు నురగ రాదు. కందిపప్పు త్వరగా ఉడకదు. కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కడుతుంది. అయినా అలవాటుపడిన నోటికి ఆ నీరే రుచి. "చెన్నపట్నం నీళ్ళు కూడా నీళ్ళేనా!" అంటుంది మా పిన్నమ్మ ఎప్పుడు వచ్చినా.

ఆ ఇంటి ముందుగదిలో మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు లోతు గల గాజుతొట్టి ఒకటి వెలిసింది. రమారమి వంద లీటర్ల నీరు పడుతుంది. పదో తరగతి చదివే మనవడు కొళత్తూరునుంచి తెచ్చుకున్నాడు. చెన్నపట్నం వాయవ్యాన ఉన్న కొళత్తూరు అలంకారపు చేపలకు దేశమంతటా పేరుపడిన చోటు. అక్కడా, చుట్టుపట్లా మేడల మీదా, పెరళ్ళలోనూ సిమెంటు తొట్లు కట్టి రంగురంగుల చేపలను పెంచి ఊరూరికీ పంపుతారు. చేపలను గాజు వెనుక చూచి ఆనందించే వేడుక మన రాజధానికి కొత్త కాదు. 1909లోనే మెరీనా తీరాన ప్రభుత్వంవారు చేపల ప్రదర్శనశాల తెరిచారు. యుద్ధకాలంలో, 1942లో, అది మూతపడింది.

మేము వెళ్ళే ముందు ఆ పిల్లవాడు ఫోనులో ఒకటే కోరిక కోరాడు. "పెదనాన్నా, వచ్చేటప్పుడు కొళత్తూరులో నీళ్ళ పరీక్షపెట్టె ఒకటి కొనుక్కుని రండి. నా చేపలు చచ్చిపోతున్నాయి" అన్నాడు. మేము తీసుకువెళ్ళాము. అరచేతిలో పట్టే పెట్టె. అందులో నాలుగు మందుసీసాలు, గాజుగొట్టాలు, రంగుల పట్టీ ఉన్నవి.

పది గప్పీలు, నాలుగు మోలీలు, రెండు ఏంజెల్ చేపలు తెచ్చి వేస్తే, మేము వెళ్ళేనాటికి ఏడు మిగిలాయి. మిగిలినవి కూడా నీటిపైకి వచ్చి నోళ్ళు తెరిచి గాలికోసం తాపత్రయపడుతున్నవి. తొట్టిలో నీరు మాత్రం అద్దంలాగా ఉన్నది. "వారం వారం నీళ్ళన్నీ పారబోసి కొత్తనీళ్ళు పోస్తున్నాను. ఇసుక ఎండబెట్టి కడుగుతున్నాను. స్పాంజి సబ్బుతో రుద్దుతున్నాను. ఇంకేమి చేయాలి?" అని వాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పిన్నమ్మకు ఇది వింతగా తోచింది. "ఈ బావినీళ్ళతోనే మూడు తరాలు బతికినాం నాయనా. మనుషులకు పట్టిన నీళ్ళు చేపలకు పట్టవా?" అన్నది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే తొట్టిలో ఏమి జరుగుతుందో కొంచెం తెలియాలి. చేప తిన్న ఆహారంలోని మాంసకృత్తుల వ్యర్థం అమ్మోనియాగా మారి ముఖ్యంగా మొప్పలద్వారా నీటిలోకి వచ్చేస్తుంది. తినకుండా మిగిలిన మేత కుళ్ళినా అమ్మోనియాయే పుడుతుంది. చెరువులో అయితే అది కోట్ల లీటర్లలో కలిసి, నాచుకూ మొక్కలకూ ఎరువు అవుతుంది. వంద లీటర్ల గాజుపెట్టెలో పోయే దారి లేదు. తన ఊపిరి విషంలో తానే మునిగి చేప చస్తుంది. కంటికి ఏమీ కనుపించదు. అమ్మోనియా కలిసిన నీరు కూడా అద్దంలాగే ఉంటుంది.

అమ్మోనియా నీటిలో రెండు రూపాలుగా ఉంటుంది. ఒకటి దాదాపు నిరపాయం, రెండవది విషం. ఏది ఎంత ఉండేదీ నీటి క్షారగుణాన్ని బట్టీ, వేడిని బట్టీ నిర్ణయమవుతుంది. ఆ క్షారగుణాన్ని పి.హెచ్. అనే అంకెతో కొలుస్తారు. 30 డిగ్రీల వేడిలో పి.హెచ్. 7 ఉంటే నూటికి ఒక పాలుకన్న తక్కువే విషరూపం. పి.హెచ్. 8 అయితే నూటికి 7 పాళ్ళు దాటుతుంది. 9 అయితే నూటికి 45 వరకు పోతుంది. ఈ విషరూపం లీటరుకు 0.02 మిల్లీగ్రాము మించకుండా చూచుకోవాలని చేపల పెంపకందారుల నియమం. ఇప్పుడు తిరుత్తణిని తలచుకోండి. రాతినేల క్షారజలం, మండువేసవి. చెన్నపట్నంలో చేపను చంపని అమ్మోనియా ఇక్కడ చంపగలదు.

బావినీటిలో మరొక కిటుకు ఉన్నది. లోతు బోరునుంచి అప్పుడే తోడిన నీటిలో బొగ్గుపులుసు గాలి ఎక్కువగానూ, ప్రాణవాయువు తక్కువగానూ ఉంటుంది. ఆ గాలి ఉన్నంతసేపు పి.హెచ్. తక్కువ చూపుతుంది. తొట్టిలో పోసి గాలిపంపు నడిపితే అది ఎగిరిపోయి, తెల్లవారేసరికి పి.హెచ్. పైకి ఎక్కుతుంది. అప్పటిదాకా నిద్రపోయిన అమ్మోనియా మేల్కొంటుంది. తోడగానే పరీక్షించి "నీళ్ళు బాగున్నవి" అనుకునేవారు ఇక్కడే మోసపోతారు. ఒక బక్కెట్టు నీటిని రాత్రంతా గాలి తగలనిచ్చి పొద్దున పరీక్షిస్తే నిజం తెలుస్తుంది.

ఇంతకూ, ఈ విషాన్ని తొట్టిలో హరించే దిక్కు ఎవరు? కంటికి కనుపించని సూక్ష్మజీవులు. 1877లో ఫ్రాన్సులో ష్లోజింగ్, మ్యుంట్జ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టంగుండా మురుగునీటిని మెల్లగా పారనిచ్చారు. ఇరవై రోజుల దాకా మార్పేమీ లేదు. ఆ తరువాత అమ్మోనియా పోయి నైట్రేట్ రాసాగింది. క్లోరోఫారం ఆవిరి పట్టించగానే ఆ మార్పు ఆగిపోయింది. అంటే పని చేసినది ఇసుక కాదు, ఇసుకను అంటిపెట్టుకున్న ప్రాణులు. 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యను శాస్త్రజ్ఞుడు ఆ ప్రాణులను వేరుచేసి చూపాడు. కొన్ని అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. మరికొన్ని నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. అది చేపకు చాలావరకు నిరపాయం.

మా మనవడి తొట్టిలో లోపించినది ఈ ప్రాణులే. కొత్త తొట్టిలో అవి స్థిరపడడానికి నాలుగునుంచి ఆరు వారాలు పడుతుంది. అవి గాజుకూ, ఇసుకకూ, ముఖ్యంగా స్పాంజికీ అంటుకొని ఉంటాయి. వారం వారం ఇసుక ఎండబెట్టడం, స్పాంజిని సబ్బుతో రుద్దడం అంటే వంటమనిషిని వారం వారం ఇంటినుంచి వెళ్ళగొట్టి, అన్నం ఉడకలేదేమని అడిగినట్లు. శుభ్రత మంచిదే గాని, ఏది మురికో ఏది కాదో తెలుసుకొని చేయాలి.

ఆ సాయంకాలమే పని మొదలుపెట్టాము. తొట్టినీరు గాజుగొట్టంలో పోసి మందుచుక్కలు వేస్తే, పసుపుగా ఉండవలసినది ముదురు ఆకుపచ్చకు తిరిగింది. అమ్మోనియా నిండా ఉన్నదన్నమాట. తీరిక లేదు. ముందే పెరట్లో గాలి పట్టించి ఉంచిన నీటితో మూడోవంతు మార్చాము. మరునాడు మరో మూడోవంతు. ఒక్కసారిగా అంతా మారిస్తే వేడిలోనూ పి.హెచ్.లోనూ వచ్చే తేడాకు చేప తట్టుకోలేదు. మేత రెండు రోజులు పూర్తిగా మానిపించాము. "పస్తు పెడితే చావవా?" అని పిన్నమ్మ జాలిపడింది. చేప వారం రోజులు పస్తు ఉండగలదు గాని, అమ్మోనియాలో ఒక్కరోజు ఉండలేదు. అదే వీధిలో ఏడాదిగా తొట్టి నడుపుతున్న ఒక పిల్లవాడి దగ్గర పాత స్పాంజిలో సగం ముక్క అడిగి తెచ్చి ఈ ఫిల్టరులో పెట్టాము. పెరుగుకు తోడు వేసినట్లే ఇది. పాత తొట్టి స్పాంజి వస్తే ఆరు వారాల పని చాలా తొందరగా సాగుతుంది. స్పాంజిని ఇకమీద తొట్టినుంచి తీసిన నీటిలోనే పిండాలి గాని సబ్బు తగలనివ్వరాదని వాడిచేత ఒట్టు వేయించుకున్నాము.

నైట్రైట్ పెరిగే రోజులకు మరొక చిన్న ఉపాయం ఉన్నది. పది లీటర్లకు ఒక చిన్న చెంచా కల్లుప్పు కరిగించి పోస్తే, ఉప్పులోని క్లోరైడు నైట్రైట్‌ను మొప్పలలోకి పోనివ్వక అడ్డుపడుతుంది. గప్పీ, మోలీ చేపలు ఆ ఉప్పును సులువుగా ఓర్చుకుంటాయి. అయితే అమ్మోనియాకు ఇది మందు కాదు.

బావినీటికి గుణాలూ లేకపోలేదు. కుళాయినీటిలో వేసే క్లోరిన్ దీనిలో లేదు. చేపకూ, ఆ మంచి సూక్ష్మజీవులకూ క్లోరిన్ శత్రువు. (బావిలో బ్లీచింగుపొడి చల్లిన వారం మాత్రం ఆ నీరు తొట్టిలో పోయరాదు.) అమ్మోనియాను మార్చే సూక్ష్మజీవులకు నీటిలోని సున్నపుగుణం ఆహారంవంటిది. మెత్తని నీటిలో అది త్వరగా తరిగిపోతుంది, రాతినేల నీటిలో తరగదు. కఠినజలమంటే గప్పీ, మోలీలకు ప్రీతి. కాబట్టి నీటిని మార్చే మందులకు డబ్బు పోయకుండా, ఉన్న నీటికి తగిన చేపలను ఎంచుకోవడమే తెలివి. మెత్తని నీటిలో పుట్టే నియాన్ టెట్రాలవంటివి తిరుత్తణికి తెచ్చుకోకపోతే మంచిది. వంద లీటర్లకు చిన్న చేపలు ఇరవైలోపు, రెండు నిమిషాలలో తినేయగలిగినంత మేత, వారానికి మూడోవంతు నీటి మార్పు, నాలుగు నీటిమొక్కలు ఉంటే ఇంటి తొట్టికి వేరే వైద్యం అక్కరలేదు.

ఇక్కడితో ఆగితే ఇది చేపల ముచ్చటగానే ఉండేది. మూడోనాడు పిల్లవాడికి ఒక ఆలోచన వచ్చింది. "పెదనాన్నా, తొట్టినీళ్ళే చూస్తున్నాం. బావినీళ్ళు చూడొద్దా?" అన్నాడు. చేదతో తోడి, అప్పటికప్పుడు గొట్టంలో పోసి చుక్కలు వేశాడు. చేప అన్నది ఎరుగని నీరు. పసుపుగా నిలవవలసినది లేత ఆకుపచ్చకు తిరిగింది. నైట్రేట్ మందు వేస్తే ఎర్రబడింది.

ఇంట్లో ఎవరూ కొంతసేపు మాట్లాడలేదు. బావికీ, మరుగుదొడ్డి గుంటకూ మధ్య దూరం ఇరవై అడుగులు లేదు. గుంట తవ్వినది పదిహేనేళ్ళ క్రింద, స్థలం లేక. బావికీ ఇటువంటి గుంటకూ కనీసం 50 అడుగుల ఎడం ఉండాలని ప్రజారోగ్య గ్రంథాలు చెబుతాయి. ఆ ఫ్రెంచివారి ఇసుకగొట్టంలో జరిగినదే మన పెరటి నేలలోనూ జరుగుతున్నది. గుంటనుంచి ఊరిన అమ్మోనియా మట్టిలోని సూక్ష్మజీవులచేత నైట్రేట్‌గా మారి బావిలో చేరుతుంది. దూరం చాలకపోతే మారకుండానే చేరుతుంది. బావిలో నైట్రేట్ ఉంటే మురుగు చేరుతున్నదేమో అనుకోవచ్చు. అమ్మోనియా కూడా ఉంటే మురుగు మరీ దగ్గరలోనే ఉన్నదని అనుమానించాలి. లోతైన నేలలో సహజంగా కూడా కొంత అమ్మోనియా ఉండవచ్చు. పొలాల ఎరువులనుంచీ నైట్రేట్ రావచ్చు. అందుకే చేపల పెట్టెతో తీర్పు చెప్పకూడదు. భారత ప్రమాణాల సంస్థ త్రాగునీటికి అమ్మోనియా లీటరుకు 0.5 మిల్లీగ్రాము, నైట్రేట్ 45 మిల్లీగ్రాములు అని హద్దు పెట్టింది. తమిళనాడు నీటి సరఫరా, మురుగుపారుదల బోర్డువారి జిల్లా ప్రయోగశాలలలో రుసుము కట్టి ఎవరైనా బావినీటిని పరీక్ష చేయించుకోవచ్చు.

ఆ ఇంట్లో చిన్నకోడలు నాలుగు నెలల పసిబిడ్డతో ఉన్నది. తల్లిపాలు చాలక డబ్బాపాలు కూడా పడుతున్నారు. ఆ పాలు కలిపేది బావినీటిలోనే. "కాచి చల్లార్చిన నీళ్ళే పోస్తున్నాం గదా!" అన్నది పిన్నమ్మ. కాస్తే క్రిములు చస్తాయి. నైట్రేట్ చావదు, నీరు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. 1945లో అమెరికాలోని అయోవాలో కామ్లీ అనే వైద్యుడు, బావినీటితో పాలు కలిపి పట్టిన శిశువులు నీలిరంగుకు తిరగడం గమనించి, ఆ నీటిలోని నైట్రేటే కారణమని వ్రాశాడు. అది రక్తంలో ప్రాణవాయువును మోసే శక్తిని చెరుపుతుంది. తొట్టిలో నైట్రైట్ చేపకు చేసే కీడు సరిగా ఇదే. ఆరు నెలలలోపు పసివారికి ఈ ప్రమాదం ఎక్కువ. అదే నీరు త్రాగిన పెద్దలకు ఏమీ తెలియదు. మూడు తరాలు బతికినారన్న మాట అబద్ధం కాదు. కాని ఆ తరాలలో గుంట లేదు, బోరు లేదు, డబ్బాపాలు లేవు.

చిన్నాన్నగారు తక్కువ మాటల మనిషి. ఆ పూటే పసిబిడ్డ పాలకు బయటి నుంచి మంచినీటి క్యాను తెప్పించారు. మరునాడు సీసాలో నీరు పట్టి ప్రయోగశాలకు పంపారు. మేము తిరిగి వచ్చిన కొన్నాళ్ళకు ఫోను వచ్చింది. నైట్రేట్ హద్దు దాటినదనీ, మురుగు క్రిములు కూడా ఉన్నవనీ కాగితం వచ్చిందట. గుంట పూడ్పించి, వీధివైపు దూరంగా అడుగు కట్టిన కొత్త ట్యాంకు కట్టిస్తున్నారు. బావి పూడికతీత తరువాత రెండు వానలు పడ్డాక మళ్ళీ పరీక్షించే వరకు త్రాగడానికి ఆ నీరు వాడరాదని నిశ్చయించుకున్నారు. ఖర్చు తక్కువేమీ కాలేదు. పిన్నమ్మకు బావి మీద నింద పడినందుకు కష్టంగానే ఉన్నదట. నింద బావిది కాదు, దాని పక్కన గుంట తవ్విన పలుగుది.

చేపలలో అయిదు నిలిచాయి. ఆరో వారానికి అమ్మోనియా గొట్టం పసుపుగానే నిలవసాగిందనీ, గప్పీ ఒకటి పిల్లలు పెట్టిందనీ పిల్లవాడు వ్రాశాడు.

మన సంఘంలో తిరువళ్ళూరు, తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతాలలో ఇండ్లున్న కుటుంబాలు చాలా ఉన్నవి. పెరట్లో బావో బోరో లేని ఇల్లు అరుదు. అందరూ చేపలు పెంచాలని మేము అనడం లేదు. ఏడాదికి రెండుసార్లు, వేసవి చివర ఒకసారీ, కార్తీక వానలు వెలిసిన తరువాత ఒకసారీ, మీ బావినీటిని ఒక సీసాలో పట్టి పరీక్షకు ఇవ్వండి. ఇంట్లో పసిబిడ్డ ఉంటే, పుట్టకముందే ఇవ్వండి. బావికీ గుంటకూ ఎడం ఎంతో ఒకసారి అడుగులు వేసి కొలవండి. కొండకు వెళ్ళినప్పుడు శరవణ పొయ్‌గై గట్టున నిలబడి చేపలకు బొరుగులు వేసే అలవాటు ఉంటే, పిడికెడుతో ఆపండి. తినగా మిగిలినది కుళ్ళి ఆ కొలనులోనూ అమ్మోనియాయే అవుతుంది. కొలను ఎంత పెద్దదైనా దానికీ ఒక కొలత ఉన్నది.